మా ఆవిడ బదులు నేను పడ్డాను

పోయిన ఏడాది మా ఓడరేవు వాడ వాట్‌గంజ్ మొత్తం మీద నా అంత ఘనంగా కింద పడినవాడు లేడు. కుళాయి గచ్చు మీద పడ్డాను. మెట్ల మీద పడ్డాను. గడప తన్నుకుని వంటింట్లోకి బోర్లా పడ్డాను. ఒకసారి చిరుతపులి అంత గండుపిల్లి కాళ్ళకి అడ్డం వచ్చింది. ఇంకోసారి పోర్టు లారీ హారన్ కొడితే గోడ అదిరింది, గోడతోపాటు నేనూ అదిరాను. టీకొట్టు దగ్గర ఈ కథలు చెబుతుంటే భాళ్ళనే మట్టి కప్పులు పట్టుకున్న చేతులు అలాగే గాలిలో ఆగిపోయేవి. ఒక పెద్దమనిషికైతే టీ చల్లారిపోయింది.

నిజం చెప్పాలి కదా. పిల్లి లేదు. లారీ హారన్ ఉంది గానీ అది రోజూ ఉండేదే. అసలు పడింది నేను కాదు. ప్రతిసారీ పడింది మా ఆవిడ.

మాది చుట్టూ గదులు, మధ్యలో వాకిలి ఉన్న పాత ఇల్లు. అన్ని కుటుంబాలకీ కలిపి వాకిట్లో ఒకటే కుళాయి, దాని చుట్టూ గచ్చు. ఆ చోటుని ఇక్కడ కల్‌తలా అంటారు. గిన్నెలు, బట్టలు, స్నానాలు, తగువులు, అన్నీ అక్కడే. వానలు మొదలైతే గచ్చు పాకుడు పట్టి పచ్చగా నిగనిగలాడుతుంది. ఒక పొద్దున్న బిందె దొర్లిన చప్పుడు విని బయటికి వెళ్ళేసరికి ఆవిడ ఆ గచ్చు మీద చతికిలబడి ఉంది. లేవబోతోంది, కాలు నిలవడం లేదు. నేను చెయ్యి అందించి లేపాను. నిలబడి ఊపిరి కూడదీసుకుంటోంది. అంతలో ఎదురు గదిలో గొళ్ళెం తీసిన చప్పుడు.

"పడుకో," అంది నాతో.

"ఏటే?"

"నువ్వు పడిపోనావని సెప్తాను. పడుకోవయ్యా, ఎవులో వస్తన్నారు!"

నేను ఓడల డాకులో బరువులెత్తే వించి నడిపినవాణ్ణి. ఓడ మీద నుంచి చెయ్యి సైగ రాగానే ఎందుకు, ఏమిటని అడక్కుండా బరువు దించడం నా ఉద్యోగం. ఆ అలవాటే పని చేసింది. ఆవిడ చెయ్యి కిందికి ఊపింది, నన్ను నేను దించేసుకున్నాను. తడి గచ్చు మీద వెల్లకిలా పడి, కాస్త మూలిగాను కూడా.

జనం వచ్చేశారు. ఎదురు గది బెంగాలీ ఆయన "ఆరే దాదా, కీ హోలో!" అంటూ తల పట్టుకున్నాడు. మా ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని అందరికీ వినబడేలా నన్ను తిట్టింది. "ఎన్ని పాల్లు సెప్పినాను, సూసి నడవయ్యా బాబూ అని! ముసిలోడికి ఒకలి మాట ఎక్కదు." ఆ తిట్లలో కొన్ని నాకు ఏనాటి నుంచో బాకీ ఉన్నవని నా అనుమానం. ఆవిడ చీర వెనకభాగమంతా తడిసి పాకుడు అంటుకుని ఉంది. నా చొక్కా అప్పుడే తడవడం మొదలైంది. ఆ తేడా ఎవరూ గమనించలేదు. నేల మీద మగవాడు మూలుగుతుంటే పక్కన నిలబడ్డ ఆడదాని చీర ఎవరు చూస్తారు?

ఇంత నాటకం ఎందుకంటే, ఘటం కోసం.

మా తాతలు శ్రీకాకుళం దగ్గర నుంచి డాకు పనికి వచ్చారు. వస్తూ వస్తూ అమ్మవారిని కూడా వెంట తెచ్చుకున్నారు. ఏటా సంబరం చేస్తాం. గంగ ఒడ్డున ఘాట్ మెట్లు దిగి, కొత్త కుండలో నీళ్ళు ముంచి, పసుపు రాసి, వేపమండలు కట్టి, ఒక ఆడమనిషి దాన్ని నెత్తిన పెట్టుకుని గుడి దాకా నడవాలి. అదే ఘటం. మా అమ్మ ఎత్తేది, ఆమె తరవాత మా ఆవిడ. కుండ నెత్తికెక్కితే ఆవిడ మా ఆవిడ కాదు, అమ్మవారే. ఎవరూ ముట్టుకోకూడదు. తూలినా చెయ్యి అందించకూడదు. కర్ర పట్టుకునే ఆచారం లేదు. ఘటం కింద పడితే వాడ మొత్తానికి కీడని నమ్మకం. అందుకని ఎత్తే మనిషి కాళ్ళలో పట్టు తగ్గిందని తెలిసిన మర్నాడే పెద్దలు ఆ పని ఇంకొకరికి అప్పగిస్తారు. వాళ్ళది తప్పని నేను అనలేను.

కానీ ఆవిడ వైపు నుంచి కూడా చూడాలి. జీవితమంతా పరాయి ఇళ్ళల్లో వంట చేసింది. ఆ ఇళ్ళవాళ్ళకి ఆవిడ చేపల పులుసు రుచి గుర్తుంటుంది, మొహం గుర్తుండదు. సంబరం రోజు మాత్రం వీధి వీధంతా ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోసి దణ్ణం పెడుతుంది. "ఏడాదంతా నన్నెవులు సూస్తారయ్యా?" అని ఒకసారి అడిగింది. నేను చూస్తాను కదా అన్నాను. "నువ్వు సూస్తే ఒకటీ, సూడకపోతే ఒకటీ," అంది. దాంతో ఆవిడ పడినప్పుడల్లా ఆ పడటాన్ని నా ఖాతాలో వేసుకోవడానికి ఒప్పుకున్నాను. కథలు కట్టడం నాకు కష్టం కాదు. ఎటొచ్చీ, మరీ బాగా కట్టేశాను.

కాలేజీలో చదువుతున్న మా మనవరాలు ఆ కథలన్నీ నమ్మింది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, భయపడటం మటుకు బాగా వచ్చు. "తాతా, ఇన్నిసార్లు పడితే తుంటి విరుగుతుంది. అప్పుడు మంచం మీదే, బుఝ్‌లే, అర్థమైందా? నేను ఏమీ వినను," అని, ముసలివాళ్ళ కాళ్ళూ చేతులూ పరీక్షించే చోటుకి తీసుకెళ్ళింది. మా ఆవిడ తోడు వచ్చి సంచీ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. దారిలో నాకు ఒక ఆలోచన వచ్చింది. పడేది ఆవిడ, మందు కావలసింది ఆవిడకి. నేను ఆవిడలా నటిస్తే, నా పేరు మీద ఆవిడకి వైద్యం దొరుకుతుంది. ఇంత గొప్ప ఆలోచన ఈ వాడలో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

ఫిజియోథెరపిస్టు ఒక బెంగాలీ పిల్ల. బాబాయ్, పిన్ని అన్నట్టు నన్ను మేశోమశాయ్ అంది, మా ఆవిణ్ణి మాసీమా అంది. ముందు ప్రశ్నలు. పడతామని భయంగా ఉంటుందా? ఉంటుందన్నాను, కుళాయి దగ్గరికి వెళ్ళాలంటే గోడ పట్టుకుంటానన్నాను. లేవగానే కళ్ళు తిరుగుతాయా? తిరుగుతాయి, ముఖ్యంగా బీపీ మాత్ర వేసుకుని ఏమీ తినని రోజున. ఊరికే అలసటగా ఉంటుందా? చపాతీ పిండి కలిపేసరికి ఆయాసం వస్తుంది. మనవరాలు వింతగా చూసింది. నేను పిండి కలపడం అది పుట్టాక ఎప్పుడూ చూడలేదు.

"బరువు తగ్గారా?"

"తగ్గానమ్మా. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి."

ఆ పిల్ల నా చేతులకేసి చూసింది. తరవాత, తొందరేమీ లేకుండా, మా ఆవిడ చేతులకేసి చూసింది. మా ఆవిడ కొంగు లాక్కుని గాజులు కప్పేసుకుంది. "వాచీ, వాచీ," అని నేను దిద్దుకున్నాను. వాచీ కూడా పెట్టుకోలేదు.

తరవాత కుర్చీ పరీక్ష. రెండు చేతులూ ఎదమీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవాలి. నేను సగం లేచి మళ్ళీ కూలబడ్డాను. నా నటన నాకే ముచ్చటేసింది. లేచి గీత దాకా నడిచి తిరిగి రమ్మంది. కాళ్ళీడ్చుకుంటూ, తిరిగేచోట తడబడుతూ నడిచాను. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడమంటే గోడకేసి వాలిపోయాను. మనవరాలి కళ్ళల్లో నీళ్ళు. అది చూసి కాస్త ఎక్కువ చేశానేమో అనిపించింది. చివర్లో ఒక పిడి ఇచ్చి గట్టిగా నొక్కమంది. అక్కడ పౌరుషం అడ్డొచ్చింది. వించి లివరు పట్టిన చెయ్యి, నటించమంటే వినలేదు. పిడి పగులుతుందని ఆ పిల్ల హడలిపోయింది.

లేదు, హడలిపోలేదు. "చెయ్యి బాగానే ఉంది," అంది అంతే. "కాళ్ళే నీరసంగా ఉన్నాయి. మేశోమశాయ్, వయసు వచ్చాక మనిషి ఒక్కసారిగా పడడు. ముందు తిండి తగ్గుతుంది, నడక నిదానిస్తుంది, గోడ పట్టుకోవడం మొదలవుతుంది. ఇవి కనిపెడితే చాలావరకు ఆపవచ్చు." రోజూ చెయ్యమన్నవి ఇవి: కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, కిటికీ పట్టుకుని మడమలెత్తడం, గోడ పక్కన ఒక పాదం ముందు ఒక పాదంగా నడవడం. కల్‌తలాలో పాకుడు గీకించి, గోడకి ఇనప పిడి పెట్టించాలి. అరిగిన చెప్పులు పారేయాలి. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్ని మళ్ళీ అడగాలి. పప్పు, పెరుగు, గుడ్డు తినాలి. అన్నీ చెప్పి చివర్న, "ఒక్కరే అయితే విసుగొస్తుంది. ఇద్దరూ కలిసి చెయ్యండి," అంది. అన్నప్పుడు నాకేసి చూడలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ దగ్గర నా విజయం చాటుకున్నాను. "సూసినావా? నేను కూలబడిన తీరుకి నాటకం కంపెనీ వాడయితే బంగారు పతకం ఇచ్చీసును."

"గాజులు జారిపోతన్నాయంట!" అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వకే. అది నటన. ఇప్పుడు అసలు మనిషిని సూడు," అని కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాను. లేవబోయాను. సగం లేచి కూలబడ్డాను. ఆవిడ ఇంకా నవ్వుతోంది. నేనూ నవ్వాను. కాళ్ళు సర్దుకుని మళ్ళీ లేవబోయాను. తొడలు వణికాయి గానీ నడుం కుర్చీని వదల్లేదు.

"ఇంక నటన ఆపయ్యా," అంది.

"ఎప్పుడో ఆపీసానే," అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. ఎప్పటి నుంచి ఇలా ఉందో నాకు తెలియదు. ఎప్పుడూ చేతుల మీద బరువు మోపి లేచేవాణ్ణి. నా చేతులు గట్టివి కదా, అవే నా కాళ్ళ సంగతి నాకు తెలియనివ్వలేదు. మా ఆవిడ కోసం చేసిన నటన అనుకుని, మనవరాలి ముందు నా నిజమైన నడకే నడిచి చూపించానన్నమాట.

మర్నాటి నుంచి ఇద్దరం కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తడం మొదలుపెట్టాం. వాకిట్లో పోయేవాళ్ళకి మా తలలు రెండూ పైకీ కిందకీ ఊగుతూ కనిపించేవి. "రోగం నీది, కవాతు నాది," అని ఆవిడ దెప్పేది, దెప్పుతూనే చేసేది. కొన్నాళ్ళకి ఆ బెంగాలీ పిల్ల ఇల్లు చూడటానికి వచ్చింది. నన్ను దాటుకుని నేరుగా మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "మాసీమా, ఎన్నిసార్లు పడ్డారు?" అని అడిగింది.

మా ఆవిడ నాకేసి చూసింది. నేను కిటికీకేసి చూశాను. తరవాత ఆవిడ అంతా చెప్పేసింది. ఘటం సంగతి, ముట్టుకోకూడదన్న సంగతి, సంబరానికి ముందు ఒంటిపూట భోజనం సంగతి. "ఈ ఏడు నన్ను ఆపకు తల్లీ," అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

ఆ పిల్ల ఆపలేదు. తిట్టలేదు కూడా. "తడి మెట్లు, ఖాళీ కడుపు, నెత్తిన బరువు, పట్టుకోవడానికి మనిషి లేడు," అని తనలో తాను అనుకుంది. "ఇందులో ఏది మార్చవచ్చో చెప్పండి. కుండ చిన్నది కావచ్చా?"

మా ఆవిడ ఆలోచించింది. "పెద్ద కుండే కావాలని అమ్మోరు నాతో ఎప్పుడూ అన్నేదు."

ఒంటిపూట వ్రతంలో నానబెట్టిన పెసలకి, పాలకి, అరటిపండుకి అడ్డు లేదని తేలింది. మాత్ర సంగతి డాక్టర్ని అడిగితే వేళ మార్చాడు. ఇక మిగిలింది మెట్లు. అది నా శాఖ. గంగలో రోజూ ఆటూ పోటూ ఉంటుంది. పోటుని ఇక్కడ జోయార్ అంటారు. ఓడని డాకులోకి తేవాలంటే దాని కోసమే కాచుకునేవాళ్ళం. నీళ్ళు దిగిపోయినప్పుడు వెళ్తే మెట్లన్నీ దిగాలి, వాటి మీద వెన్నలాంటి బురద. జోయార్ నిండుగా ఉన్నప్పుడు వెళ్తే నీళ్ళే పైమెట్ల దాకా వచ్చి ఉంటాయి. కానీ పెద్దలు పెట్టిన వేళ నీళ్ళు దిగిపోయే వేళ.

సంఘం పెద్ద మా బావే, నా చెల్లెలి మొగుడు. వాడి దగ్గరికి వెళ్ళి, అమ్మవారు కలలోకి వచ్చిందని చెప్పాను. ఎర్రచీర కట్టుకుని, గంగ మీద నడుచుకుంటూ వచ్చి, "నా నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు నన్ను తీసుకెళ్ళండి" అన్నదని చెప్పాను. బావ చెంపలేసుకుని వేళ మార్చాడు. కల నిజం కాదు. పోర్టులో ఇంకా పని చేస్తున్న పాత స్నేహితుణ్ణి నీళ్ళ వేళ అడిగి తెలుసుకున్నాను, అంతే. అయినా అమ్మవారికి అభ్యంతరం ఉంటే నిజంగా కలలోకి వచ్చి నన్ను తన్ని ఉండేది కదా. రాలేదు.

సంబరం రోజు జోయార్ మాట తప్పలేదు. నీళ్ళు పైమెట్ల మీద తళతళలాడుతున్నాయి. మా ఆవిడ చిన్న కుండ ముంచింది, మిగతా ఆడవాళ్ళు నెత్తికెత్తారు. డప్పులు మోగాయి. ఒక మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద ఆగిపోయింది. చీర కుచ్చెళ్ళు వణకడం నాకు కనిపించింది. కుండలోంచి నీళ్ళు చెంప మీదికి చిమ్మాయి. మనవరాలు ఒక్క అంగలో ముందుకి ఉరికింది.

"ముట్టుకోకు గుంటా!" అని బావ అరిచాడు. డప్పులు ఆగిపోయాయి.

మనవరాలు ఆగింది. అప్పుడు మా ఆవిడ ఒక చేత్తో కుండ పట్టుకుని, రెండో చెయ్యి చాచి, పక్కన నిలబడ్డ నా భుజం పట్టుకుంది. ఆ వేళ్ళ పట్టు ఇప్పటికీ నా భుజానికి గుర్తు.

"ఏటిది, ఏటిది అక్కా?" అని బావ కంగారుపడ్డాడు. "మైల పడిపోద్ది!"

ఆవిడ తల కదపకుండా, కుండ కదలకుండా అంది. "ఆయన నన్ను ముట్టుకోనేదు. నానే ఆయన్ని అట్టుకున్నాను. అమ్మోరు ఎవుల్ని అట్టుకోవాలో నువ్వు సెప్తావేటి?"

ముందుగా ఒక ముసలామె దణ్ణం పెట్టింది. తరవాత ఇంకొకామె. డప్పులవాళ్ళు బావకేసి చూడకుండానే మళ్ళీ అందుకున్నారు. మేం మెట్లెక్కాం. గుడి దాకా ఆవిడ చెయ్యి నా భుజం దిగలేదు.

ఆ రోజు నేను ఓడ కట్టే ఇనప దిమ్మలా నిలబడ్డానని టీకొట్టు దగ్గర చెప్తుంటాను. మీరు పుస్తకం చదివేవాళ్ళు కాబట్టి మీకు చెప్తున్నాను. నా కాళ్ళు కూడా వణికాయి. నా రెండో చెయ్యి మనవరాలి భుజం మీద ఉంది. దాన్ని పట్టుకోకూడదని ఏ ఆచారమూ లేదు. నడుస్తూ నడుస్తూ అది నా చెవిలో, "తాతా, పడింది అమ్మమ్మే కదా?" అంది. "గాజుల దగ్గరే తెలిసిపోయింది. ఇద్దరూ దొంగలే." ఆ మాటకి సమాధానంగా నేను డప్పు వింటున్నట్టు మొహం పెట్టాను.

గుడి దగ్గర ఘటం దించాక భోజనాలు. మా ఆవిడ చుట్టూ జనం, ఆవిడ మొహం వెలిగిపోతోంది. నేను ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో చేరబడ్డాను. బావ పులిహోర విస్తరి పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. దెబ్బలాడటానికి వచ్చాడనుకున్నాను. విస్తరి ఖాళీ చేశాడు. తరవాత గొంతు తగ్గించి, "బావా, ఆ బెంగాలీ గుంట నీచేత ఏటేటి సేయించింది?" అన్నాడు.

"సేతులు కట్టుకుని కుర్సీలోంచి లేవమంది. ఎగిరి లేసినాను," అన్నాను, అలవాటుగా.

బావ తలూపి, చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ఆగి, మళ్ళీ బలం కూడదీసుకుని లేచాడు. లేచి నిలబడి ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు. నేను చూశాను.

"అబద్ధం బావా," అన్నాను. "లేవనేకపోనాను. ఇప్పుడిప్పుడే లేస్తన్నాను. రేపు నాతో రా, తీసుకెళ్తాను."

వాడు విస్తరి మడిచాడు. "మీ సెల్లికి సెప్పకు," అన్నాడు చివరికి.

చెప్పనని ఒట్టు వేశాను. మా చెల్లెలు వంటల దగ్గర ఉంది. చేతులు కడుక్కుని నేరుగా దాని దగ్గరికే వెళ్ళాను.